సముద్రపు పాచికి వెలుగు విరుగుడు

నీరు నిలిచినచోట పాచి పట్టడం సహజం. చెరువుగట్టు రాళ్ళమీద గాని, దిగుడుబావి మెట్లమీద గాని ఒక్కసారి కాలు జారినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. మంచినీటిలో ఆ పాచి చాలాచోట్ల పలుచని ఆకుపచ్చ పొరగానే ఉండిపోతుంది. సముద్రంలో మాత్రం అది కథకు నాంది. ఆ పొరమీద నాచు మొలుస్తుంది. దాని పక్కన బార్నకిల్ అనే జీవి సున్నపు గుల్ల కట్టుకొని స్థిరపడుతుంది. గొట్టాలు కట్టుకునే పురుగులు, ఆల్చిప్పలు, స్పంజికలు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరుతాయి. కొన్ని నెలలలో నున్నని ఉక్కురేకు గరుకుబండలాగా తయారవుతుంది. ఇంగ్లీషులో దీనిని బయోఫౌలింగ్ అంటారు. మన ‘పాచి పట్టడం’ అన్న వాడుకమాట దీనికి చక్కగా సరిపోతుంది కనుక, ఈ వ్యాసంలో ఆ మాటనే విశాలమైన అర్థంలో వాడుతున్నాను.

ఈ పాచిని వదిలించుకోవడానికి మానవుడు ప్రయోగించని విషం దాదాపు లేదు. తారు, సీసం, రాగి, ఆర్సెనిక్, పాదరసం, తగరం అన్నీ ఓడల అడుగుభాగానికి ఎక్కినవే. ఇటీవలి కాలంలో విషానికి బదులు వెలుగును, అందులోనూ కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను, ఇందుకు వినియోగించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ వెలుగు ఎట్లా పనిచేస్తుంది, ఎక్కడ పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నవి పరిశీలించదగిన విషయాలు.

పాచి ఖరీదు

ఓడకు నాలుగు గుల్లలు అంటుకుంటే ఏమవుతుందని అనిపించవచ్చు. అమెరికా నౌకాదళ అకాడమీలో పనిచేసిన మైకేల్ షుల్ట్జ్ 2007లో ప్రచురించిన లెక్కలు చూస్తే ఆ సందేహం తీరుతుంది. ఫ్రిగేట్ తరగతి యుద్ధనౌక ఒకటి 15 నాట్ల వేగంతో పోవాలంటే, అడుగున పలుచని జిగటపొర పట్టినంత మాత్రానే 11 శాతం అదనపు శక్తి కావాలి. ఆ జిగట మందమైతే 21 శాతం. సున్నపు గుల్లలు దట్టంగా పేరుకుంటే 86 శాతం. అంటే ఇంజను శ్రమలో దాదాపు సగం ఓడను నడపడానికి గాక, ఓడకు పట్టిన జీవకోటిని ఈడ్వడానికే పోతుందన్నమాట. అమెరికా నౌకాదళంలోని ఆర్లీ బర్క్ తరగతి డిస్ట్రాయర్లు అన్నింటికీ కలిపి ఈ పాచి వలన ఏటా సుమారు 5 కోట్ల 60 లక్షల డాలర్లు ఖర్చవుతున్నదని ఆయనే తన సహచరులతో కలిసి 2011లో అంచనా కట్టారు.

డబ్బు నష్టం ఒక ఎత్తు; ఓడ అడుగున ఉచితప్రయాణం చేసే జీవులు కొత్త తీరాలకు చేరడం మరొక ఎత్తు. ఇందుకు మన విశాఖపట్నమే సాక్షి. కరీబియన్ ప్రాంతపు నీళ్ళలో పుట్టిపెరిగే ఒక చిన్న ఆల్చిప్ప, శాస్త్రీయనామం మైటిలాప్సిస్ సాలై, 1967లో విశాఖ రేవులో కనబడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి. ఎన్. గణపతి బృందం దానిని గురించి 1971లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ప్రకటించింది. అదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరపు పడవల రేవులలో బయటపడినప్పుడు అక్కడి ప్రభుత్వం హడలిపోయింది. ఆ రేవులకు సముద్రం వైపు తలుపులు ఉండటం అదృష్టం. తలుపులు మూసి, క్లోరిన్, మైలుతుత్తం నీటిలో కలిపి, ఆల్చిప్పలతోపాటు ఆ నీటిలోని సమస్త జీవాన్నీ చంపివేసి ఆ పీడ వదిలించుకున్నారు. విశాఖ రేవుకు అట్టి తలుపులు లేవు.

పాచి ఎట్లా పడుతుంది?

శుభ్రమైన పలకను సముద్రంలో దించిన నిమిషాలలోనే నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు దానిమీద పలుచగా పరుచుకుంటాయి. గంటలలో బాక్టీరియా వచ్చి చేరి తమచుట్టూ జిగురు స్రవిస్తాయి. ఆ వెంట డయాటములు అనే ఏకకణ జీవులు, పిదప నాచుల సిద్ధబీజాలు, ఆ పిమ్మట జంతువుల డింభకాలు వస్తాయి. ఈ వరస అన్నివేళలా ఇంత క్రమంగా ఉండదు. ఉష్ణమండల జలాలలో ఒకదానికోసం మరొకటి ఆగదు. చల్లని దేశాల సముద్రాలలో శీతకాలం వస్తే ఈ దండయాత్రకు కొంత విరామం. మన తూర్పుతీరంలో ఏడాది పొడుగునా ఏదో ఒక జీవికి ముహూర్తం కుదురుతూనే ఉంటుంది.

వీటన్నిటిలో బార్నకిల్ కథ విచిత్రమైనది. చూడటానికి నత్తగుల్లలాగా ఉన్నా, నిజానికి ఇది రొయ్యకూ పీతకూ చుట్టం. ఈ బంధుత్వం 1830 ప్రాంతంలో గాని తెలియలేదు. ఛార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 వరకు ఎనిమిదేళ్ళు ఈ ఒక్క జాతి పరిశీలనలో గడిపాడు. బార్నకిల్ డింభకం తన చివరి దశలో ఆహారం తీసుకోదు. అప్పుడు దానికున్న పని ఒక్కటే, ఇల్లు వెదుక్కోవడం. తలదగ్గర ఉన్న రెండు స్పర్శశృంగాలను కాళ్ళలాగా వాడుకుంటూ పలకమీద నడిచి, తడిమి చూసి, నచ్చకపోతే ఈదుకుంటూ పోతుంది. నచ్చితే తల నేలకానించి జిగురు వదిలి అంటుకుంటుంది. కొద్ది రోజులలో చుట్టూ సున్నపుగోడ లేస్తుంది. ఆ తరువాత అది మరి కదలదు. దాన్ని కదపడమూ సులభం కాదు. గోడ లేవకముందు మాత్రం అది అర మిల్లీమీటరు పరిమాణంలో ఉన్న సుకుమారమైన ప్రాణి. మొక్కగా వంగనిది మానై వంగునా అన్న మన సామెత పాచిని అరికట్టాలనుకునేవారికి అక్షరాలా వర్తిస్తుంది.

రాగి నేర్పిన పాఠం

బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారం’ అనే ఓడ అడుగున రాగిరేకు తాపడం చేయించింది. కొయ్యను తొలిచే పురుగునుంచి రక్షణకోసం వేసిన ఆ రేకు పాచిని కూడా దూరంగా ఉంచింది. అయితే సముద్రపు నీటిలో రాగి క్రమంగా తినివేయబడుతుంది. ఈ నష్టాన్ని ఆపమని నౌకాదళంవారు సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని ఆశ్రయించారు. ఆయన 1824లో రాగిరేకుకు ఇనుము, తుత్తునాగం ముక్కలను తగిలించాడు. ఆ ముక్కలు తాము కరుగుతూ రాగిని కాపాడినవి. విద్యుత్ రసాయనశాస్త్రంలో అది గొప్ప విజయమే. కాని కాపాడబడిన రాగికి పాచి పట్టడం మొదలయింది! రాగి కరుగుతున్నంతకాలమే దాని విషం నీటిలో కలిసి జీవులను తరిమివేస్తున్నదనీ, కరగడం ఆగితే అది కూడా అన్ని లోహాలవంటిదేననీ అప్పుడు అర్థమయింది. డేవీ ముక్కలను ఊడదీయక తప్పలేదు.

ఓడలకు వేసే విషపు రంగులన్నిటికీ మూలసూత్రం ఇదే. ఆ రంగు నిత్యం తనలోని విషాన్ని కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతూ ఉండాలి. వదిలినది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న చాలాకాలం ఎవరూ వేయలేదు. 1960ల తరువాత వ్యాప్తిలోకి వచ్చిన ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనం ఆ ప్రశ్నను తప్పించుకోరానిదిగా చేసింది. అంత చక్కగా పనిచేసిన రంగు అంతకుముందు లేదు. అయితే ఫ్రాన్స్‌లోని ఆర్కషాన్ అఖాతంలో పెంపకపు ఆయిస్టర్ల గుల్లలు వికృతంగా మందమెక్కి, వాటి సంతానం నశించసాగింది. ఇంగ్లండు తీరంలో ఒక జాతి సముద్రపు నత్తలలో ఆడవాటికి మగ అవయవాలు పెరిగి, గుడ్లు పెట్టలేక చచ్చిపోయినవి. ఇందుకు లీటరు నీటిలో గ్రాములో వందకోట్లవ వంతు విషమే చాలింది. ఫ్రాన్స్ 1982లో, బ్రిటన్ 1987లో, అమెరికా 1988లో చిన్న పడవలపై దీనిని నిషేధించాయి. అంతర్జాతీయ ఒడంబడిక 2001లో కుదిరి, 2008 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. మళ్ళీ రాగికే పెద్దపీట. ఇప్పుడు ఆ రాగి కూడా విమర్శకు గురి అవుతున్నది. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో ఒక పడవల రేవు నీటిలో రాగి పాలు తగ్గించాలని 2005లోనే ఆదేశాలు వచ్చినవి.

వెలుగు చేసే పని

ఎండలో పెట్టిన పోషకద్రావణంలో సూక్ష్మజీవులు పెరగవని డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు 1877లో కనుగొన్నారు. ఎండలోని ఏ వన్నెకు ఈ శక్తి ఉన్నదని వెదుకుతూ పోగా, ఊదారంగుకు ఆవల కంటికి కనబడని భాగానిదే ఆ ప్రభావమని తేలింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రెడరిక్ గేట్స్ 1930 నాటికి మరింత సూక్ష్మంగా కొలిచి, 265 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర బాక్టీరియా అతి త్వరగా చస్తాయనీ, న్యూక్లియిక్ ఆమ్లాలు కిరణాలను శోషించే తీరు కూడా అదేననీ చూపాడు. జన్యుపదార్థం డి.ఎన్.ఎ. అని లోకానికి తెలియడానికి పదిహేనేళ్ళ ముందే వెలుగు ఆ రహస్యాన్ని సూచించిందంటే అతిశయోక్తి కాదు.

ఈ కిరణం డి.ఎన్.ఎ. మీద పడినప్పుడు పక్కపక్కన ఉన్న రెండు థైమీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆ చోట ప్రతి తీయడం కుదరదు. కణం వెంటనే చావకపోవచ్చు, కాని విభజన చెందలేదు. పాచి దృష్ట్యా విభజన చెందలేని బాక్టీరియా, పెరగలేని సిద్ధబీజం ఉన్నా లేనట్లే. 200 నుంచి 280 నానోమీటర్ల మధ్యనున్న ఈ కిరణాలు సూర్యునినుంచి బయలుదేరినా, భూమిని చేరకముందే వాతావరణంలో ఇంకిపోతాయి. సముద్రజీవులు నిత్యజీవితంలో వీటిని ఎదుర్కొనవు.

ఇండియాలో మన ఇళ్ళ వంటగదుల గోడలకు తగిలించిన ఆక్వాగార్డ్ వంటి యంత్రాలలో ఉన్నది ఈ వెలుగే. పాదరసపు ఆవిరి దీపం 254 నానోమీటర్ల కిరణాన్ని ఇస్తుంది. నీరు దాని పక్కనుంచి పారుతూ శుద్ధి అవుతుంది. సముద్రంలో సమస్య తలకిందులు. అక్కడ నీటినంతా శుద్ధి చేయాలన్న ఉద్దేశం లేదు, అది సాధ్యమూ కాదు. ఒక తలాన్ని మాత్రం కాపాడుకోవాలి. ఆ తలంమీద వెలుగు ఎల్లవేళలా పడుతూ ఉండాలి.

‘ఎల్లవేళలా’ అన్నమాటలోనే చిక్కంతా ఉన్నది. జీవులు చేతులు ముడుచుకొని కూర్చోవు. కిరణాలు చేసిన గాయాన్ని మాన్పే ఎంజైములు వాటి దగ్గర ఉన్నాయి. అందులో ఒకటి మామూలు పగటి వెలుగునే శక్తిగా వాడుకొని అతుక్కుపోయిన థైమీన్లను విడదీస్తుంది. 1949లో ఆల్బర్ట్ కెల్నర్ ఈ చమత్కారాన్ని గమనించాడు. ఆ ఎంజైము రహస్యాలను ఛేదించినవారిలో ఒకరైన అజీజ్ సాంజార్‌కు, డి.ఎన్.ఎ. మరమ్మతుపై చేసిన కృషికి 2015లో నోబెల్ బహుమతి లభించింది. కనుక ఒకసారి గట్టిగా కొట్టి ఊరుకోవడం కంటె, కొద్దిపాటి వెలుగును ఎడతెగకుండా ప్రసరింపజేయడమే చాలా సందర్భాలలో మేలు. రెండో చిక్కు నీడ. చిన్న మరమేకు నీడ చాలు, దాని వెనుక నాచు హాయిగా పెరుగుతుంది. మూడోది నీరు. తేట సముద్రజలంలో ఈ కిరణాలు బాగానే ప్రయాణించినా, బురద, సేంద్రియ పదార్థాలు నిండిన రేవునీటిలో కొద్ది అంగుళాలలోనే బలం కోల్పోతాయి.

మొదట కొలిచే పరికరాలకు

ఈ చిక్కులన్నీ తక్కువగా ఉండే చోటు ఒకటున్నది. సముద్రంలో నెలల తరబడి ఉంచే కొలమాన పరికరాల కళ్ళు అవి. నీటిలో ఉప్పు, ప్రాణవాయువు, కలకదనం కొలిచే సెన్సార్ల ముఖం సాధారణంగా నాణెమంత ఉంటుంది. దానికి ఎదురుగా చిన్న దీపం పెడితే చాలు. 2010 దశకంలో కెనడాకు చెందిన ఏఎంఎల్ ఓషనోగ్రాఫిక్ సంస్థ ఇటువంటి దీపాలను విపణిలోకి తెచ్చింది. పూర్వం ఈ పనికి తుడిచే చిన్న బ్రష్షులు, రాగి కవచాలు వాడేవారు, ఇప్పటికీ వాడుతున్నారు. బ్రష్షు అరుగుతుంది, ఇరుక్కుంటుంది. కొలిచే చోటికి ఆనుకొని రాగిని కరిగించడం సున్నితమైన రసాయనిక కొలతలకు మంచిది కాదు.

ఇక్కడ పణంగా ఉన్నది పరికరం ఖరీదు ఒక్కటే కాదు. 2002 వేసవిలో ఆరెగాన్ తీరంలో అడుగునీటిలో ప్రాణవాయువు పడిపోయి పీతలు, చేపలు గుట్టలుగా చచ్చినవి. అప్పటినుంచి అక్కడ వేసవులలో ఆ నీటిని కనిపెట్టి చూడటం అవసరమయింది. ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల తీరాలకు ఆవల ఎండ్యూరెన్స్ అర్రే అనే పరిశోధనా వ్యవస్థలో ఆరేసి నెలలు నీటిలో ఉండే ప్రాణవాయువు సెన్సార్లను అమర్చారు. పైనీటిలో ఉన్న సెన్సారు ముఖంమీద నాచు పెరిగితే ఏమవుతుందో ఊహించండి. పగలు ఆ నాచు కిరణజన్య సంయోగక్రియ జరిపి తానే ప్రాణవాయువును విడుస్తుంది; రాత్రి తానే పీల్చుకుంటుంది. సెన్సారు కొలిచేది సముద్రాన్ని కాదు, తన నెత్తినెక్కిన నాచును! అంకెలు మాత్రం నిజమైన వాటిలాగే ఠీవిగా వచ్చి పడుతుంటాయి. ఇటువంటి తప్పుడు లెక్కలను తగ్గించడానికే అక్కడ అతినీలలోహిత దీపాలను తగిలించారు. సముద్రాలలో ప్రాణవాయువు దశాబ్దాలుగా తగ్గుతున్న తీరును అతి చిన్న మార్పుల ఆధారంగా నిర్ణయించవలసిన ఈ రోజులలో, నాణెమంత గాజుబిళ్ళ శుభ్రంగా ఉండటం చిన్న విషయం కాదు. నా అభిప్రాయంలో ఈ వెలుగుకు ఇంతవరకు లభించిన సరియైన స్థానం ఇదే.

ఓడలదాకా పోగలదా?

ఓడలకు ఈ వెలుగును వాడటంపై ఫ్లోరిడా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కెల్లీ హన్‌సకర్, జెఫ్రీ స్వెయిన్, వారి సహచరులు పరిశోధనలు చేశారు. ఓడరంగు వేసిన పలకలను సముద్రంలో దించి, వాటిమీద 254 నానోమీటర్ల దీపాలను కొన్నిటికి నిరంతరంగా, కొన్నిటికి విరామాలతో వెలిగించి చూసి, 2019లో ఫలితాలు ప్రకటించారు. దీపం దగ్గరగా, ఎడతెగకుండా వెలిగినచోట పాచి పట్టలేదు. అయితే ఓడ నడుస్తూ ఉండగా దానికి ఎదురుగా దీపం పట్టుకొని ఎవరు నిలబడాలి?

దీనికి సమాధానం ఎదురుగా గాక లోపలినుంచి వెలిగించడం. గాలియం నైట్రైడ్ అనే అర్ధవాహకంనుంచి నీలికాంతి రప్పించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే స్ఫటికంలో అల్యూమినియం పాలు పెంచుతూ పోతే వెలుగు నీలంనుంచి ఊదాకు, ఊదానుంచి అతినీలలోహితానికి జరుగుతుంది. ఆవగింజంత ఉండే ఈ ఎల్ఇడీలలో పగిలే గాజుగొట్టం లేదు, పాదరసం లేదు. ఫిలిప్స్ సంస్థ పరిశోధకులు వీటిని పారదర్శకమైన సిలికోన్ పలకలలో పొదిగారు. వెలుగు ఆ పలక అంతటా పాకి, పైతలంనుంచి నీటిలోకి కొద్దికొద్దిగా చిమ్ముతుంది. ఓడకు అతికించిన చర్మమే దీపంగా మారుతుంది. కూర్చోవడానికి వచ్చిన డింభకానికి అరికాళ్ళ కిందినుంచి కిరణాలు తగులుతాయి. బురదనీటి బెడద కూడా తీరుతుంది, ఎందుకంటే వెలుగు నీటిలో ప్రయాణించవలసిన దూరం దాదాపు శూన్యం. ఓడరంగుల తయారీలో పేరుపడిన ఆక్జోనోబెల్ సంస్థ ఈ పద్ధతిని అభివృద్ధి చేయడానికి ఫిలిప్స్‌తో చేతులు కలిపినట్లు 2018లో ప్రకటించింది.

విద్యుత్తు ఎంత కావాలి అన్నది అందరికీ తట్టే ప్రశ్న. నీలికాంతి ఎల్ఇడీలు తీసుకున్న విద్యుత్తులో సగానికి పైగా వెలుగుగా మార్చగా, ఈ అతినీలలోహితపువి నూటికి కొద్దిపాళ్ళు మాత్రమే మార్చగలవు, మిగతాదంతా వేడి. ఒక ఊహాలెక్క వేద్దాం. పెద్ద చమురు ఓడకు నీటిలో మునిగిన తలం పాతికవేల చదరపు మీటర్లు. చదరపు మీటరుకు పది వాట్లు అనుకుంటే మొత్తం 250 కిలోవాట్లు. ఆ ఓడ ప్రధాన ఇంజను శక్తి సుమారు పాతికవేల కిలోవాట్లు. అంటే నూటికి ఒక పాలు. పలుచని జిగటపొర మింగే శక్తితో పోలిస్తే ఇది భరించదగినదే. నిజమైన కష్టం తీగలలో, అతుకులలో ఉన్నది. పాతికవేల చదరపు మీటర్ల విద్యుత్ పరికరాన్ని ఉప్పునీటిలో, అలల తాకిడిలో, లంగరు గొలుసుల రాపిడిలో ఐదేళ్ళు చెడిపోకుండా నిలపాలి. ఒక్క పలక ఆరిపోతే ఆ మేర గుల్లలు వెలుస్తాయి. పైగా ఈ కిరణాలు తాము ఉన్న ప్లాస్టిక్కును, పక్కనున్న రంగును కూడా పెళుసుబారుస్తాయి. అడుగున పనిచేసే ఈతగాళ్ళ కళ్ళకు, చర్మానికి ప్రమాదం కనుక వారు దిగేముందు ఆర్పివేయాలి.

అందువలన ఓడ యావత్తూ వెలుగు చొక్కా తొడుక్కొనే రోజు దగ్గరలోనే ఉన్నదని నేను అనుకోను. కాని ఓడ అడుగున కొన్ని గూళ్ళు ఉంటాయి. ఇంజనును చల్లబరచే నీటిని పీల్చుకునే తొట్లు, వాటి జల్లెడలు, చుక్కాని సందులు అటువంటివి. నీటి ప్రవాహం సరిగా తగలని ఈ మూలలలో రంగు అంత బాగా పనిచేయదు. అంతర్జాతీయ నౌకా సంస్థ 2011లో జారీచేసి 2023లో సవరించిన మార్గదర్శకాలు ఈ గూళ్ళనే ప్రత్యేకంగా హెచ్చరించాయి. విశాఖకు వచ్చిన ఆల్చిప్ప వంటి అతిథులు దాగి ప్రయాణించేది ఇటువంటి చోట్లనే. వైశాల్యం తక్కువ, విద్యుత్తు చేరువ, రాపిడి లేదు. దీపం పెట్టడానికి ఓడలో ఇంతకంటె అనువైన తావు లేదు.

వెలుగు పనికిరాని చోట్లు కూడా ఉన్నాయని చెప్పడం న్యాయం. మద్రాసుకు దక్షిణాన కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రానికి సముద్రపు అడుగున 468 మీటర్ల సొరంగంగుండా చల్లబరచే నీరు వస్తుంది. ఆ సొరంగం గోడలకు పచ్చ ఆల్చిప్పలు పట్టడం అక్కడి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా అధ్యయనం చేసిన సమస్య. అంత వెడల్పు, అంత ప్రవాహం ఉన్న చోట గోడనంతా వెలిగించడం కంటె నీటిలో క్లోరిన్ కలపడమే సాధ్యమైన మార్గంగా ఉంటూ వచ్చింది.

ఇక విశాఖ సంగతి. అక్కడి రేవులో పట్టే పాచి జీవుల చరిత్రను గణపతి, లక్ష్మణరావు, నాగభూషణం 1958లోనే ప్రకటించారు. ఏ జీవి ఏ జలాలలో ఎంత వెలుగుకు లొంగుతుందన్నది ఫ్లోరిడా లెక్కలనుబట్టి విశాఖకు నిర్ణయించడం కుదరదు. నీటి కలకదనం వేరు, జాతులు వేరు, విరామం లేని ఋతువులు వేరు. దీపమున్న పలకలను, దీపం లేని పలకలను అదే రేవులో పక్కపక్కన వేలాడదీసి, నెలనెలా పైకి తీసి, ఏడాదిపాటు గుల్లలు లెక్కపెట్టవలసి ఉంటుంది.